నొప్పికి షిఫ్టు మారింది

కోయంబత్తూరు పీలమేడులో మా చిన్నాయన భార్యకు ఒళ్ళు నొప్పుల జబ్బు ఉండేది. నాలుగు నాళ్ళు ఊరకుండి మళ్ళీ విరుచుకుపడేది. వాపు లేదు, జ్వరం లేదు. డాక్టర్లకూ అంతు చిక్కలేదు. ఇప్పుడైతే దానికి ఇంగ్లీషు పేరొకటి ఉందట. అప్పుడు మా ఇంట్లో దాని పేరు సోమరితనం. ఆ పేరు పెట్టింది మా అవ్వ.

చిన్నమ్మ ఏడ్చే మనిషి కాదు. మిల్లులో నూలు చుట్టే పని ఆమెది. నొప్పి లేచిన నాడు గోడకు ఆనుకొని కూర్చుని, బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంటూ నవ్వేది.

“నిన్న బుజం అంటివి, ఈ పొద్దు మోకాలు అంటావు. సుమ్మా, ఊరికే వేషం ఏస్తావా?” అనేది అవ్వ.

“నేనేం చేసేది అత్తా, నొప్పికి షిఫ్టు మారింది.”

“ఇంకొక తూరి పండుకుంటే దిండిగల్లుకు, మీ అమ్మింటికే పంపేస్తా, చూస్కో.”

అవ్వ అన్నంత పనీ చేసే మనిషి.

ఒక మధ్యాహ్నం చిన్నమ్మ నిద్రపోతుంటే, గుట్టు రట్టు చేయాలని అవ్వ మెల్లగా వెళ్ళి ఆమె భుజం మీద ఒక్క వేలితో నొక్కింది. చిన్నమ్మ నిద్రలోనే మూలిగి ముడుచుకుపోయింది. అవ్వ వంటింట్లోకి పోయింది. ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి తెచ్చి కాపడం పెట్టింది.

ఆ వేడికి మెలకువ వచ్చిన చిన్నమ్మ కళ్ళు తెరవకుండానే, “ఇంకా కొంచెం కిందికి, అత్తా,” అంది.

“నోరు మూసుకోని పండుకో, కన్ను,” అంది అవ్వ.

మా కోయంబత్తూరు పక్క కన్ను అంటే కడుపున పుట్టినవాళ్ళను పిలిచే ముద్దుమాట. అవ్వ నోట అది కోడలికి దక్కడం అదే మొదలు.