లక్మా చెప్పిన చెట్లు

బస్తరు సంస్థానం రోజుల్లో బీజాపూర్ తహసీలులో పులులెక్కువా, చదువరులెక్కువా అని ఎవరైనా అడిగితే రామనర్సయ్య గడ్డం నిమురుకుని, "పులులే. అవన్నా అప్పుడప్పుడు కచేరీ దాకా వస్తయ్," అనేవాడు.

ఆ తహసీలు కచేరీ పక్కనున్న పుస్తకాల గదికి అధికారీ ఆయనే, ఊడ్చేవాడూ ఆయనే. చర్ల బడిలో నాలుగో తరగతి సగంలో వదిలేసి నడిచొచ్చిన మనిషి. తాను మానలేదనీ, తన ప్రశ్నలకు తట్టుకోలేక పంతులే బడి మానేశాడనీ చెప్పుకునేవాడు. పెళ్లి మాటెత్తితే, పిల్లనిస్తామని రాజులు క్యూ కట్టారనేవాడు. వండుకునేది మాత్రం ఒక్కడికే.

గదిలో ఒక బీరువా, బీరువాలో ఆరు సంపుటాల నిఘంటువు. ఎవరో రిటైరైన అధికారి ఇచ్చిపోయినది. "ఇవి ఇళ్లకు ఇవ్వబడవు" అని తలుపుకు చీటీ అంటించి ఉండేది. ఇమ్మని అడిగినవాడే లేడు. వానలు పట్టుకుంటే నాలుగు నెలలు దారులు మూసుకుపోయేవి, టపా కూడా వచ్చేది కాదు. అప్పుడు రామనర్సయ్య రోజుకో పుట బిగ్గరగా చదివి గోడలకు వినిపించేవాడు. గోడలంత ఓపికగా వినేవాళ్లు రాజధాని జగదల్‌పూర్‌లో కూడా దొరకరని తనే నవ్వుకునేవాడు. ఆ నవ్వుకు మళ్లీ గోడలే దిక్కు.

ఒక సంతనాడు లక్మా వచ్చాడు. దోర్ల తెగ రైతు. చింతపండు అమ్ముకుని, మంచినీళ్ల కోసం అరుగెక్కాడు.

"గీ మోపెడు బుక్కులల్ల ఏముందే, రామనర్సన్నా?"

"లోకంల ఉన్నదంతా."

"అయితే మద్ది గురించి చెప్పు."

రామనర్సయ్య దర్జాగా సంపుటం తీసి వేలు పెట్టి చదివాడు. "మద్ది: వృక్షవిశేషము."

"అంటే ఏంది?"

"అంటే... ఒక చెట్టు."

లక్మా పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెట్టని చెప్పనీకి గింత బరువా! మా గుడ్డి మామను అడిగినా తడిమి చెప్తడు."

ఎండాకాలంలో మద్ది మొద్దు మీద ఉబ్బు కనబడితే కత్తితో పొడవాలనీ, దాహం తీరేటన్ని నీళ్లొస్తాయనీ చెప్పాడు. రామనర్సయ్య పెన్సిలు తీసి పుట అంచున రాశాడు. కింద "లక్మా" అని పేరు పెట్టాడు.

అట్లా ఆరేళ్లు. సంతకో కొమ్మ వచ్చేది, నిఘంటువులో ఒక "వృక్షవిశేషము" విప్పుకునేది. మంగకాయ దంచి మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయన్నదీ అట్లా చేరిందే. లక్మాకు ఒక పట్టింపు ఉండేది. కొత్త కాయ తినేముందు ఊరు చేసే పండుగ అయితే తప్ప ఆ కాయ సంగతి నోటితో పలికేవాడు కాదు. "ఇంక పండుగ కాలే. తినని దాని ముచ్చట చెప్పొద్దే," అనేవాడు. ఆ కాయల కాలం దాటేలోగా అడగడం మరిచిపోతే మళ్లీ వచ్చే ఏడే.

లక్మా రాని వారాల్లో ఖాళీ అంచులు చూస్తే రామనర్సయ్య చెయ్యి ఊరుకునేది కాదు. ఇప్పచెట్టు పక్కన, "దీని తొర్రలో కూర్చుని పులికి కథ చెప్పి ప్రాణం దక్కించుకున్నాను" అని రాశాడు. మరో పూవు దగ్గర, "దీని వాసనకు ఏనుగు సిగ్గుపడును" అన్నాడు. పరాచికానికి వాటికిందా లక్మా పేరే పెట్టాడు. చదివి వినిపిస్తే, "నా పేరు ఖరాబు చేస్తున్నవు గదే!" అని లక్మా అరుగు మీద దొర్లేవాడు.

ఏడో ఏడు అమ్మవారు పోసి లక్మా పోయాడు. ఆ సంగతి రెండు సంతలు గడిచాక అతని భార్య దేవే వచ్చి చెప్పింది. ఆ తర్వాత రామనర్సయ్య గోడలకు చదవడం మానేశాడు. అంచులే చదువుకునేవాడు, నోరు మెదపకుండా.

ఆ చలికాలం జగదల్‌పూర్ నుంచి పుస్తకాల తనిఖీకి ఇన్‌స్పెక్టరు వెంకటనారాయణగారు బండి మీద దిగారు. కోస్తా మనిషి. రెండు పుటలు తిప్పేసరికి ముఖం మాడింది.

"ఏమిటయ్యా ఇది? సంస్థానం పుస్తకాల మీద రాతలేమిటి?"

"చెట్ల ముచ్చట్లు సార్. బుక్కుల లేనియ్ రాసిన."

"ఏనుగు సిగ్గుపడుతుందా? అదీ ఈ లక్మాయే చెప్పాడా?"

రామనర్సయ్య గడ్డం నిమురుకోబోయి చెయ్యి దించేశాడు.

"ఇందులో ఒక్కటి అబద్ధమైతే అన్నీ అబద్ధాలే. సాయంత్రానికి మొత్తం చెరిపెయ్యి, గదీ నీదే కొలువూ నీదే. లేదంటే పుస్తకాలు జగదల్‌పూర్ తీసుకుపోతాను, గది ఎత్తేస్తాం. ఏది నిజమో అక్కడెవరైనా తేలుస్తారు."

"తేల్చలేరు సార్. ఎరికున్నది ఇద్దరికే. ఒకడు పోయిండు." చెయ్యి చాపాడు. "రబ్బరియ్యున్రి."

పొద్దు వాలేదాకా నేల మీద కూర్చుని చెరిపాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తే సగం రాతలు అట్లాగే ఉన్నాయి.

"ఇవి మిగిల్చావేం?"

"అవి లక్మా చెప్పినయి సార్. చెరిపినయి నాయి. నేనే వాని పేరు పెట్టిన."

వెంకటనారాయణగారు అదే పుట వెతికి చూశారు. "ఏనుగుది ఉంచాల్సిందోయ్," అన్నారు. నవ్వబోయి ఆగిపోయారు. "మిగతావీ తీసెయ్. నేను పైకి జవాబు చెప్పుకోవాలి. నీ కొలువు పోతుందయ్యా."

"బండి కట్టమనున్రి సార్."

మర్నాడు పొద్దున జాబితా రాశారు. సంపుటాలు ఆరు. స్థితి: పాడైనవి. రామనర్సయ్య ఆ మాట మీద వేలుంచి ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. ఆయన తల తిప్పుకున్నారు. రామనర్సయ్య వేలు తీసి, కింద సంతకం చేశాడు. తన పంచెల్లో మంచిది చింపి, ఒక్కో సంపుటం చుట్టి, వరస తప్పకుండా బండిలో పేర్చాడు. వాగు దాకా వెంట నడిచాడు.

తిరిగొచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఎవరిదో మేక లోపలికొచ్చి బీరువాకు ఒళ్లు రుద్దుకుంటోంది. రామనర్సయ్య దాన్ని అదిలించలేదు. గడప మీద కూర్చున్నాడు.