కంచం మోసుకుని జనక్‌పురికి

పోయిన ఆదివారం జనక్‌పురి వెళ్లాను. మా అక్క కొడుక్కి అన్నప్రాశన. మేనమామే మొదట తినిపించాలి, వాడికి మేనమామను నేనొక్కణ్ణే. అయినా వెళ్లాలా వద్దా అని చివరిదాకా ఊగిసలాడాను. నెల కింద పరీక్షల్లో నా ఒంట్లో క్షయ క్రిమి ఉందని తేలింది. “అది నిద్రలో ఉంది. నీనుంచి ఎవరికీ అంటదు,” అన్నారు డాక్టరు. ఎక్స్‌రే, కఫం పరీక్ష బాగానే ఉన్నాయి. మరి రోజూ సాయంత్రం జ్వరం, నీరసం ఎందుకంటే, “ఇంకా తెలీదు, వెతుకుదాం,” అన్నారు. ఆ తెలియనిదే నన్ను పట్టుకుంది. మునిర్కాలో నేనుండే గదిలో నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. నాతో ఉండే శ్రీను పెట్టమనలేదు. మా ఊళ్లో దగ్గు మనిషికి గిన్నెలు వేరుచేయడం చూసి పెరిగినవాణ్ణి.

జ్వరం సాయంత్రం వస్తుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరాను. మునిర్కా నుంచి జనక్‌పురి వెస్ట్‌కి మెట్రో మెజెంటా లైన్‌లో రైలు మారే పని లేదు. అరగంట పైన పడుతుంది. శంకర్ విహార్ దగ్గర రైలు నేల మీదికి వచ్చాక కంటోన్మెంటు చెట్లు కనిపిస్తాయి. దిగాక ఇరవై రూపాయలకు ఈ-రిక్షా ఎక్కాను. గతుకుల్లో నా సంచిలో గ్లాసు కంచానికి కొట్టుకుంటోంది.

“గిన్నెలమ్ముతావా భయ్యా?” అన్నాడు డ్రైవరు హిందీలో.

“లేదు, భోజనానికి వెళ్తున్నా.”

“అచ్ఛా! పిలిచినవాళ్లింట్లో కంచాల్లేవా?”

సంచి ఒళ్లోకి తీసుకుని పట్టుకున్నాను.

బావ సైన్యంలో పనిచేస్తాడు. ఆ రోజు సెలవు దొరికింది. పిల్లాణ్ణి ఎత్తుకుని తిరుగుతున్నాడు. నేను గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాను.

“ఏరా, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినట్టు అక్కడే కూర్చున్నావేం?” అంది అక్క.

“బావను పెట్టమనక్కా. నాకు జ్వరం ఎందుకొస్తోందో ఇంకా తెలీలేదు.”

“నీ రిపోర్టులన్నీ వీడి డాక్టరమ్మకు చూపించాను. ఎత్తుకోవచ్చు, తినిపించొచ్చు అంది. నీ జ్వరం సంగతి తేలేదాకా వీడు పాయసం తినకుండా కూర్చోవాలా?”

నేను తీసుకెళ్లడానికి మిఠాయి సర్దుదామని నా సంచి తెరిచి, అక్క ఆగింది. కంచం బయటికి తీసింది. అంచున నా పేరు ఉంది, అమ్మ ఊళ్లో చెక్కించింది. అక్క దాన్ని కాసేపు చూసింది. కడిగి, పాయసం అందులోనే వడ్డించి నా ముందు పెట్టింది. బావ పిల్లాణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టాడు. అనుకున్నదానికంటే బరువున్నాడు. అక్క ఇచ్చిన ఉంగరంతో పాయసం తీసి వాడి నాలుకకు రాశాను. మొహం చిట్లించాడు. తర్వాత నా వేలు వదల్లేదు.

బయల్దేరేటప్పుడు సంచిలో గ్లాసొక్కటే ఉంది.

“కంచమేదక్కా?”

“అది వీడిదైపోయింది. నువ్వొస్తే మా కంచాల్లోనే తిందువుగానిలే.”

గదికి చేరేసరికి జ్వరం వచ్చింది, మామూలుగానే. వచ్చే వారం మళ్లీ పరీక్షలున్నాయి. కారణం దొరుకుతుందో లేదో తెలీదు. కానీ తెలియనిదాన్నంతా నేనే భయంతో నింపుకున్నానని ఆ రోజు అనిపించింది. అన్నం వేళకు శ్రీనును కంచం అడిగాను. తన పక్కనున్నది ఇటు జరిపాడు.

మీకూ ఇలాంటి రిపోర్టు వచ్చి, పసివాళ్లున్న ఇంటికి వెళ్లాల్సివస్తే, బయల్దేరేముందే డాక్టరును సూటిగా అడగండి: పిల్లాణ్ణి ఎత్తుకోవచ్చా అని. ఎత్తుకోవచ్చంటే చేతులు ఖాళీగా ఉంచుకుని వెళ్లండి. కంచం మోయక్కర్లేదు.