హెచ్ నుంచి మొదలైన నిఘంటువు

మొన్న ఆదివారం నల్గొండ నుంచి ఒక పాత విద్యార్థి నా ఫోనుకు నాలుగు పేజీలు పంపాడు. వాళ్ళ బడిలో చదువుకున్నవాళ్ళంతా కలిసి తమ గురువుల మీద చిన్న పుస్తకం వేస్తున్నారట, తప్పులుంటే దిద్దమన్నాడు. జీతం పుచ్చుకుని ఇన్నేళ్ళు చేసిన పని అదే కాబట్టి కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. మూడో పేజీలో మా చాచా ఉన్నారు. ఇంగ్లీషు నవ్విస్తూ చెప్పేవారని రాసి, చివర "సొంత కోరికపై దేవరకొండ అవతలికి బదిలీ చేయించుకున్నారు" అని ముగించారు. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. ఆ వాక్యమే తప్పు. దాన్ని కొట్టేస్తే సరిపోదు, దాని స్థానంలో ఏముండాలో కూడా రాయాలి. అది తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్నే.

చాచా అని పిలవడమే కానీ ఆయన మాకు చుట్టం కాదు. తొంభైల మొదట్లో వాళ్ళ ఇంటి ముందు భాగంలో మేం కిరాయికి ఉండేవాళ్ళం. ఆయన నల్గొండలోనే ఒక హైస్కూల్లో ఇంగ్లీషు సారు. నేనూ ఇంగ్లీషు సారునే, కాకపోతే మోత్కూరు దాటి ఇంకా లోపల ఒక ఊళ్ళో. ఆయనకు పేకాట, పాన్ లాంటి అలవాట్లేమీ లేవు. ఉన్నదల్లా ఒక జర్మన్ నిఘంటువు. హైదరాబాదు ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికిందది, ఎందుకంటే ముందు భాగమంతా చెదలు తినేశాయి. హెచ్ నుంచి మొదలవుతుంది. "చేతినేమంటరో ఎరుకే, నీళ్ళనేమంటరో ఎరుకే. తమ్మున్నేమంటరో, దేవున్నేమంటరో చెదలనడగాలె బేటా" అనేవారు. జర్మన్ మాట్లాడే మనిషిని ఆయన జన్మలో చూడలేదు. ప్రతి మాట పక్కనా దాని పుట్టుక చిన్న అక్షరాల్లో ఉండేది, అదే ఆయనకు పండగ. ఒక పొడుగు నోటుబుక్కులో మూడు గడులు గీసి, మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో అవే అక్షరాలతో మొదలయ్యే జర్మన్ మాట, మూడో గడిలో ఆ రెండూ పుట్టినప్పటి అర్థం రాసుకునేవారు. మిల్క్‌ను జర్మన్లో మిల్చ్ అంటారని చెప్పేవారు. కాదనడానికి నల్గొండలో ఎవరున్నారు? తరగతిలో మోకాలి మీద చరుచుకుని "ఇంగ్లీషోడు కె రాస్తడు గని పలకడు. జర్మనోడు రాసింది పలుకుతడు. అనుండ్రి, క్నీ!" అంటే నలభై మంది పిల్లలు ఒక్కసారిగా "క్నీ!" అని అరిచేవారట. పక్క తరగతి లెక్కల సారు తలుపు వేసుకునేవాడని ఆయనే చెప్పి మురిసిపోయేవారు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉండగా ఆ నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "కెతో రాసే నైట్ అంటే ఎవడు? గుర్రమెక్కి కత్తి పట్టినోడు, మన దొర లెక్క. గదే మాట జర్మనీల క్నెక్ట్. ఎవడనుకున్నవ్? జీతగాడు, దొరింట్ల పశువులు కాసేటోడు. పుట్టినప్పుడు రెండిటికీ అర్థం ఒక్కటే, పనిజేసే పోరగాడు. గీ ఒడ్డుకున్నోడు గుర్రమెక్కిండు, గా ఒడ్డుకున్నోడు కొట్టంలనే ఉండిపోయిండు" అన్నారు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఆయనే గొంతు తగ్గించి, "గిది బడిల చెప్పలేదు. చెప్పను గూడ. రోజులు మంచిగ లేవు. నీకొక్కనికే చెప్పిన" అన్నారు. నిజమే, మా జిల్లాలో దొరల మాట ఎత్తినవాణ్ని నక్సలైట్ అన్నల మనిషేమోనని పోలీసులు అనుమానించే రోజులవి.

అప్పుడు నా బిడ్డకు ఎనిమిది నెలలు. ఆయాసంతో మాటిమాటికీ దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చేది. అది లేవకముందే నేను మొదటి బస్సెక్కి, చిట్యాలలో దిగి ఇంకో బస్సు కోసం నిలబడి బడికి పోయేవాణ్ని. తిరిగి వచ్చేసరికి అది నిద్రపోయేది. ఆదివారం ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చేది. "నువ్వెవరో కొత్తోనివనుకుంటాంది. రోజు గింతసేపన్న మొఖం చూపియ్యరాదు?" అని మా ఆవిడ నవ్వుతూనే అంది కానీ నాకు గుచ్చుకుంది. నల్గొండకు బదిలీ కావాలంటే నాకు ఖాళీ కావలసింది ఒకే ఒక్క ఇంగ్లీషు సారు కుర్చీ. అది చాచాది. ఆయన మీద నాకు కోపం లేదు. ఈ మాట ఎవరూ నమ్మరని తెలిసినా రాస్తున్నాను.

చిట్యాల బస్టాండులో ఎడమచేత్తో ఒక ఆకాశరామన్న అర్జీ రాశాను. ఫలానా సారు దొరా జీతగాడూ ఒక్క పుట్టుకేనని పిల్లలకు నూరిపోస్తున్నాడని రాసి, జిల్లా విద్యాశాఖకు పోస్టు చేశాను. ఎక్కడో దగ్గరలోకి మార్చి ఊరుకుంటారనుకున్నాను. డబ్బాలో పడగానే భయం వేసి చెయ్యి లోపలికి పెట్టాను. మణికట్టు దాకా పోయి ఇరుక్కుంది. వేళ్ళకు కాగితం తగలలేదు. వెనక నుంచి మా బస్సు కండక్టరు "ఓ సారూ, ఉత్తరమేస్తున్నవా, చేపలు పడుతున్నవా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. చెయ్యి పీక్కుని బస్సెక్కాను.

పదిహేను రోజులకు చాచా బడికి విచారణ వచ్చింది. వాంగ్మూలం రాయడానికి వేరే బడి సారు కావాలని అధికారి అంటే, అర్జీలో ఏముందో ఇంకా తెలియని చాచా, "మా కిరాయి పంతులున్నడు సార్, ముత్యాలసొంటి రాత" అని నన్నే చూపించారు. నన్ను గోడకూ అధికారి కుర్చీకీ మధ్య కూర్చోబెట్టారు. ఆయన లేస్తే తప్ప నేను బయటికి రాలేను. వెనక మామూలు బట్టల్లో ఒక పోలీసాయన కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. అధికారి అర్జీ చదివి వినిపించాడు. చాచా అధికారిని చూడలేదు, నన్ను చూశారు.

"ఏం సార్, ఈ మాట పిల్లలకు చెప్పిండ్రా, లేదా?"

లేదు, మా కిరాయిదారుకు చెప్పాను అని ఆయన అంటే చాలు. పోలీసాయన గోళ్ళు వదిలి నా వైపు తిరిగేవాడు. ఆ సంగతి నాకెంత తెలుసో చాచాకూ అంతే తెలుసు. నేను నోరు విప్పినా ఆయన బయటపడేవారు. నేను కాగితం మీదికి వంగి కలం పట్టుకున్నాను.

"చెప్పిన సార్," అన్నారు చాచా. "రాయి బేటా. చెప్పిన అని రాయి."

రాశాను. కింద ఆయన సంతకం చేశారు.

నిఘంటువునూ నోటుబుక్కునూ పట్టుకుపోయారు, మళ్ళీ ఇవ్వలేదు. ఆయన్ను దేవరకొండ దాటి, మహబూబ్‌నగర్ జిల్లా సరిహద్దు ఊరికి పంపారు. కొన్నాళ్ళకు ఆ కుర్చీ నాకు వచ్చింది. పిల్లలు "కె మాటలు చెప్పుండ్రి సార్" అని అడిగితే సిలబస్‌లో లేవనేవాణ్ని. పదకొండేళ్ళు అదే గదిలో, అదే కుర్చీలో కూర్చున్నాను. ఏ గంట మోగినా ఎవరో నా కోసం వచ్చారనిపించేది. నేను చేరిన రెండో ఏడు వర్షాకాలంలో, నల్గొండ ఇంట్లోనే ఉండిపోయిన చాచా భార్య, మా చాచీ, గుండెనొప్పితో పోయింది. ఆయనకు కబురు అందేసరికి అక్కడి చివరి బస్సు వెళ్ళిపోయింది. ఆయన మర్నాడు వచ్చారు. అప్పటిదాకా ఆమె పక్కన మా ఆవిడ కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

రిటైరయ్యాక ఆయన మహబూబ్‌నగర్‌లో కూతురి దగ్గర ఉండేవారు. తొంభైల చివర ఒక మధ్యాహ్నం వెళ్ళి, మంచినీళ్ళు ముట్టుకోకుండానే అంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"అర్జీ చదివిన నాడే ఎరుక. నీ పేరు చెప్తే నిన్ను ఠాణాకు తోల్కపోదురు. ఇంట్ల పసిపిల్ల," అన్నారు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "మ్యూచువల్ అడగకపోతివి?" అన్నారు.

మ్యూచువల్ అంటే ఇద్దరు సార్లు ఒప్పుకుని ఒకరి చోటికి ఒకరు మారడం. ఒక కాగితం, రెండు సంతకాలు. మా నౌకరీల్లో అందరికీ తెలిసిందే. పెద్దాయన వదులుకుంటాడా అని నాకు నేనే జవాబు చెప్పుకుని ఊరుకున్నాను.

"మోత్కూరు బస్సుల నేను పోతుంటి. చాచీ కాడికి పొద్దుమీకేసరికి రానన్న వస్తుంటి," అన్నారు.

మాఫ్ చెయ్యమన్నాను. "నాదాంక అయితే చేసిన. ఆమెది నేనెట్ల చెయ్యాలె పంతులూ?" అన్నారు. బేటా అనలేదు.

అరుగు మీద మ్యూచువల్ మాట అడగడానికి ఒక్క సాయంత్రం సరిపోయేది. అడగనిదాన్ని దిద్దడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది, ఇంకా పడుతోంది.