చెట్ల కింద తీసిన ఫోటో

నిన్న కారేపల్లి చర్చి ఆవరణలో ఒక ముసలామె ఫోటో తీస్తున్నాను. మిర్రర్‌లెస్ కెమెరా ఆమె కంటి మీద ఫోకస్ పట్టుకోగానే సన్నగా 'బీప్' మంది. ఆ చప్పుడు వింటే దానియేలు సార్ నా భుజం వెనక నిలబడ్డట్టే ఉంటుంది. కొత్తగూడెంలో ఆయన స్టూడియోలో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ పని నేర్పింది ఆయనే. నన్ను జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ దిమ్మెరపోయేలా చేసిందీ ఆయనే.

సార్ గని కార్మికుడి కొడుకు. పొడుగ్గా, సన్నగా, నలగని చొక్కాలో ఉండేవారు. డిగ్రీ అయ్యాక నేను చేరిన కొత్తలోనే మిర్రర్‌లెస్ కొన్నారు. "నొక్కకముందే ఫోటో ఎట్లొస్తదో తెర మీద కనబడ్తది. ఇగ కెమెరాను తిట్టేటట్టు లేదు" అన్నారు. కన్ను దొరికిందని వెంటనే బటన్ నొక్కనిచ్చేవారు కాదు. మనిషి కాస్త పక్కకు తిరిగినప్పుడు మనకు దగ్గరగా ఉన్న కన్నే పదునుగా రావాలని, దూరపు కంటి మీద ఫోకస్ పడితే చూపు తప్పిపోతుందని చెప్పేవారు. కంప్యూటర్‌లో చర్మాన్ని నున్నగా చేసే మీట జోలికి పోనిచ్చేవారు కాదు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కంప్యూటర్ ముందు నుంచి లేచి నన్ను కూర్చోబెట్టేవారు. "చూడమ్మా ప్రశాంతీ, మొఖం ఎట్లుంది?" "కొంచెం ఎర్రగ ఉంది సార్." "ఎంత తగ్గిద్దాం?" నేను సరిచేసేదాన్ని, ఆయన తలూపేవారు. నాకు పాఠం చెప్తున్నారనే అనుకున్నాను. మనుషుల రంగు ఉన్నదున్నట్టు వస్తుందని ఆ స్టూడియోకు ఇల్లందు నుంచి కూడా జనం బస్సెక్కి వచ్చేవారు.

ఒకసారి చెల్లెలి నిశ్చితార్థానికి సెలవు పెట్టాను. నేను లేనప్పుడే ఇల్లందు నుంచి ఒక కుటుంబం వచ్చిందట. ఇంటిపెద్ద పెద్ద జబ్బు నుంచి బయటపడ్డాడు, ఆ సంతోషంలో ఫోటో కావాలన్నారు. సార్ వాళ్లను భద్రాచలం దారిలో చెట్ల కింద నిలబెట్టి తీశారు. ఆకుల్లోంచి దిగే వెలుగు ముఖాలకు ఆకుపచ్చ రంగు పూస్తుంది, తర్వాత కంప్యూటర్‌లో దాన్ని తీసేయాలి. సార్ నేను వచ్చేదాకా ఆగకుండా ఫోటో ఇచ్చేశారు. నేను తిరిగి పనిలోకి వచ్చిన ఉదయమే ఆ ఇంటావిడ ఫ్రేము కట్టిన ఫోటో పట్టుకొని వచ్చింది.

"ఇదేంది సార్? దవాఖానాల నుంచి బతికొచ్చిన మనిషి గిట్ల పీనుగ లెక్క ఉన్నడేంది? గోడకు పెట్టంగనే మా అత్త ఏడ్చింది."

సార్ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు. "మంచిగనే ఉన్నది కదమ్మా" అన్నారు. మాట దాటేయడానికి అన్నట్టు లేదు, నిజంగానే అంటున్నారు.

నేను తొంగిచూశాను. నలుగురి ముఖాలూ పాచి పట్టిన గోడ రంగులో ఉన్నాయి. కళ్లు మాత్రం రెప్పవెంట్రుకలతో సహా పదునుగా ఉండటంతో చూడటానికి మరీ భయంగా ఉంది.

"సార్, ఆకుపచ్చగ ఉన్నరు" అన్నాను.

"ఎవరు?"

"అందరు సార్."

ఆయన మెల్లగా కూర్చున్నారు. "నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెల్వదమ్మా" అన్నారు ఆవిడతో. "పుట్టుకతోనే అంతే. గనిల నౌకరికి పోతే కంటి పరీక్షల తీసేసిండ్రు. కెమెరా పట్టుకున్న. నా భార్య మేరీ బతికున్నన్నాళ్లు రంగు ఆమెనే చూసేది. ఆమె పోయినంక ఈ పిల్ల చూస్తున్నది."

పాఠమనుకున్నదంతా పాఠమే కాదు. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు నిజంగానే తెలియదు. ఊళ్లో ఎన్నో గోడల మీదున్న ముఖాలకు రంగు ఇచ్చింది నా కళ్లు, నాకన్నా ముందు, నేనెన్నడూ చూడని ఒక ఆడమనిషి కళ్లు.

ముందుగా తేరుకున్నది ఆ ఇంటావిడే. "గా ముక్క చెప్తే ఏమైతుండె సార్? ఈమె వచ్చేదాక ఆగుదుము" అంది. అసలు ఫైలు భద్రంగానే ఉంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆవిడ పక్కన నిలబడింది. "ఇంకొంచెం. ఆఁ, అగో, గదే మా ఆయన" అని కళ్లు తుడుచుకుంది.

ఆనాటి నుంచి సార్ ఎవరొచ్చినా ముందే చెప్పేవారు. "మొఖం నేను తీస్త, రంగు ప్రశాంతి చూస్తది." కొందరు అనుమానంగా చూసి వెళ్లిపోయారు. ఎక్కువమంది ఉండిపోయారు. వయసు మీదపడ్డాక స్టూడియో నాకు అప్పగించి, భద్రాచలంలో ఉన్న కూతురి దగ్గరికి ప్రయాణమయ్యారు. బయల్దేరే రోజు తనంతట తానే కెమెరా ముందు కూర్చున్నారు. ఫోటో తెర మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి చూసి, "నేను ఏ రంగుంటనమ్మా?" అని అడిగారు.

జీవితమంతా మనుషుల ముఖాలు తీసిన మనిషి!

"చామనఛాయ సార్" అన్నాను. "ఎండకు తిరిగి తిరిగి చెంపలు రాగి రంగుకొచ్చినయి."

"రాగా?" అన్నారు. "మేరీ గూడ రాగే అన్నది" అని నవ్వారు.

ఇప్పుడు ఎవరి ఫోటో సరిచేస్తున్నా, ఆ ముఖాన్ని రోజూ చూసేవాళ్లను ఒకరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. నా కళ్లు మంచివే. అయినా అడుగుతాను.