సంత జీపులో పన్నెండు మంది

ముంచింగిపుట్టు సంతలో జీపుల వరుసకు నియమాలు రాసింది నేనే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, పాత జీపు కొని లైన్లో పెట్టుకున్నాను. డ్రైవర్లం రోజూ కొట్టుకుంటున్నామని ఒక అట్టమీద నాలుగు వాక్యాలు రాసి టీకొట్టు స్తంభానికి కట్టాను. ఒకటి, ముందొచ్చిన బండే ముందు. రెండు, పన్నెండు మంది ఎక్కనిదే కదలకూడదు. మూడు, వరుస దాటి ఎవరినీ ఎక్కించుకోకూడదు. నాలుగు, సంతరోజు స్పెషల్ లేదు. షావుకార్లు బండి మొత్తం మాట్లాడుకుని పసుపు బస్తాలతో వెళ్లిపోతే జనం కొండదారిన నడిచేవారు, నాలుగోది అందుకే.

ఆ వారం నా జీపు గేర్‌బాక్సు విప్పి ఇంటిముందు గోనెపట్టా మీద పరిచి ఉంది. నాన్నకు మూడు రోజులుగా చలిజ్వరం. సంతరోజు ఉదయం పిలిస్తే పలకడం తగ్గింది. అంబులెన్సుకు చేద్దామంటే ఫోన్లో సిగ్నల్ లేదు. వీపున మోసుకొచ్చి, వరుసలో మొదటి జీపు ముందు సీట్లో ఒరగబెట్టాను. మాతో కలిపి ముగ్గురే. మిగతా సీట్ల డబ్బులు కూడా నేనే ఇస్తాను, ఆసుపత్రికి తీయమన్నాను. డ్రైవరు నా ముఖం చూడలేదు.

“నాలుగోది నువ్వే రాసినావు కద బావా. ఇప్పుడు తీస్తే ఎనకోళ్లు ఊరుకుంటారేటి?”

వెనక డ్రైవర్లు వచ్చి నిలబడ్డారు. అందులో ఒకతను పోయిన నెల కాలు విరిగిన అక్కను స్పెషల్లో తీసుకెళ్తానంటే, వరుస వరుసే అని ఆపింది నేనే.

సంతలోకి పరిగెత్తాను. అమ్మకాలు అప్పుడే మొదలయ్యాయి. తెచ్చింది అమ్మకుండా ఎవరు కదులుతారు? చీపుర్ల దగ్గర, కోళ్ల దగ్గర బతిమాలాను. ఇద్దరు వచ్చారు. ఐదుగురం. తిరిగొచ్చేసరికి నాన్న వణుకు ఆగిపోయి ఉంది. అది మంచికో చెడుకో నాకు తెలియలేదు.

ఆ ఇద్దరూ కాక, చింతపండు అమ్మే ముసలమ్మ కూడా నా వెంటే వచ్చింది. ఆమె ఊరు అవతలి దారిలో. నాన్నను ఒకసారి చూసి, జీపెక్కి కూర్చుంది.

“పన్నెండుగురు ఎక్కాలని రాసినాడు గాని, ఎక్కడ దిగాలో రాయలేదు. రండే, బేగి ఎక్కండి.”

జీపుల పక్కన అమ్ముకుంటున్న ఆరుగురు ఆడవాళ్లు బుట్టలు వదిలి ఎక్కారు. డ్రైవరు వేలితో లెక్కపెట్టి, అందరికీ వినబడేలా పన్నెండు అన్నాడు. కాలు విరిగిన ఆమె తమ్ముడే బండిని వెనకనుంచి తోశాడు.

మొదటి మలుపులో ముసలమ్మతో కలిపి ఆ ఏడుగురూ దిగి సంతకు వెనక్కి నడిచారు. ఘాట్ మొదలైంది. ఆసుపత్రి ఇంకా గంట దూరం. నాన్న కళ్లు తెరవకుండానే పెదాలు కదిపాడు. చెవి ఆనించాను.

“నిండకుండా కదిలిందేటి?”

నిండాకే కదిలింది నాన్నా, అన్నాను. ఒళ్లు కాలుతూనే ఉంది. మలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎక్కడో లెక్క తప్పింది.