మిస్సింగ్ పట్టిన మా వదిన

మా వదిన పోయింది. మిల్లుకు సరుకు దించడానికి వచ్చిన లారీ క్లీనరు నన్ను స్టోర్సులోంచి గేటు దగ్గరికి పిలిపించి, నెత్తికి చుట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకొని, "అన్నా, పొద్దుగాల వదినమ్మ పోయిందే" అన్నాడు. నాచారం నుంచి ఉప్పల్ దాకా సైకిలు తొక్కుతూ దారి పొడుగునా ఆ క్లీనరు మీద కోపంగా ఉన్నాను, నాకంటే ముందు అతనికెట్లా తెలిసిందని. అక్కడికి పోయాక ఆ కోపం పోయింది. వరంగల్ రోడ్డు మీద బండ్లు నడిపేవాళ్లు ఎవరెవరో వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నారు. వాళ్లందరికీ ఆమె వదినే. మా అన్న ఒక్కడే ఓ పక్కన కూర్చున్నాడు. అన్నకు చెవులు వినబడవు. ఎవరేమన్నా అతనికి అర్థమయ్యేలా చెప్పే మనిషి లోపల చాప మీద ఉంది.

ఆమె గురించి గొప్పగా రాస్తే ఆమెకే నచ్చదు. పొట్టి మనిషి, పెద్ద నోరు. వంకాయలమ్మే ఆమెతో గొడవ పెట్టుకొని, గొడవ అయ్యాక ఆమెనే కూర్చోబెట్టి చాయ్ పోసేది. నేను కొంచెం నీటుగా తయారై డ్యూటీకి బయల్దేరితే, "ఏందయ్యా మరిదీ, మిల్లుకు పోతున్నవా, పిల్లను సూడ పోతున్నవా?" అని నలుగురిలో పరువు తీసేది. ఎవరైనా తొందరపెడితే మాత్రం ఒకటే మాట: "జర ఆగు, దాన్ని చెప్పనియ్యి." పొయ్యి మీది పప్పైనా, ఏడ్చే పిల్లయినా, షెడ్డులో ఇంజనైనా అదే మాట.

అన్న షెడ్డు ఉప్పల్ చౌరస్తాకు కొంచెం అవతల. రేకుల షెడ్డుకూ వంటింటికీ నడుమ ఒక్కటే గోడ. అన్న అటు ఇంజన్ సరిచేస్తుంటే వదిన ఇటు పిండి తడిపేది. చప్పుడు సాఫ్ అయిందని ఆమెకు అనిపించినప్పుడే మొదటి జొన్నరొట్టె పెనం మీద వేసేది. అన్న చేతులు కడుక్కొని వచ్చేసరికి రొట్టె వేడివేడిగా పళ్లెంలో ఉండేది. ఇంజన్ మొండికేసిన రోజున పెనం దించి కూర్చునేది. ఆడవాళ్లకు ఇట్లాంటివి మామూలే అనుకొని మేమెవరం దాన్ని పట్టించుకోలేదు.

ఆ తర్వాత అన్నకు క్షయ వచ్చింది. నెలల తరబడి సూదులు వేశారు. రోగం పోయింది గానీ, ఆ సూదుల మందు చెవులు తీసుకుపోయింది. మెకానిక్కుకు చెవులు పోవడమంటే ఏమిటో మీకు చెప్పాలి. ఆ రోజుల్లో బండి జబ్బు కనిపెట్టడానికి మా షెడ్డులో చెవి తప్ప వేరే మీటరు లేదు. చేత్తో పట్టుకుంటే తెలియదా అని నేనూ అడిగాను, కాగితం మీద రాసి. "పాత బండ్లురా, మొత్తం వణుకుతయ్. ఏ వణుకు జబ్బుదో, ఏ వణుకు ముసల్తనందో చేతికేం తెలుస్తది?" అని అరిచాడు. తనకు వినబడకపోయేసరికి అన్నీ అరిచే చెప్పేవాడు.

పైగా అతనిది మొండి పద్ధతి. జబ్బు ఏ సిలిండర్లో ఉందో, ఎందుకు వచ్చిందో తేలనిదే ఇంజన్ హెడ్డు విప్పడు. మిగతా షెడ్లలో ముందు విప్పి తర్వాత వెతికేవాళ్లు. కడుపు కోశాక నొప్పి ఎక్కడని అడిగే డాక్టర్లని వాళ్లను తిట్టేవాడు. ఇప్పుడు విప్పి వెతకడానికి మనసొప్పదు, వినడానికి చెవుల్లేవు. బండ్లు రావడం తగ్గింది. చివరికి నేనే మిల్లులో మాట్లాడి అతనికి వాచ్‌మన్ ఉద్యోగం ఖాయం చేశాను. "చెవులినరాని వాచ్‌మనా? దొంగలకు పండుగే పో" అని వదిన నవ్వింది గానీ, ఆ వెంటనే వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. సోమవారం చేరాలి. షెడ్డు పక్కవాళ్లకు అప్పజెప్తానని అన్న మాట కూడా ఇచ్చేశాడు.

ఆ ఆదివారం ఒక బేకరీ వ్యాను వచ్చింది. పాత పెట్రోలు బండి. డ్రైవరు మేడిపల్లి మనిషి, అన్నంటే భక్తి. అప్పటికే వేరే షెడ్లు తిరిగి ప్లగ్గులూ పాయింట్లూ అన్నీ మార్పించాడు. "ఉస్తాద్, మిస్సింగ్ పోతలేదు. చడావ్ ఎక్కుతలేదు. బండి తుక్కు కింద అమ్మేస్త అంటున్నడు సేటు" అని నోటితో సగం, చేతులతో సగం చెప్పాడు. మిస్సింగ్ అంటే ఇంజన్ నడుమ నడుమ ఒక దెబ్బ తప్పడం, చడావ్ అంటే ఎత్తు. అన్న ఆడుతున్న ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు, తీశాడు. నా వైపు తిరిగి "పొమ్మను" అన్నాడు. ఆ మాట మెల్లగా అన్నాడు. చెవులు పోయాక అతను మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు వదిన వంటింట్లోంచి వచ్చింది, చేతులకు పిండితోనే. "నలుగురు దంచుతున్నరు, నడుమ నడుమ ఒక్కామె రోకలి పడ్తలేదు" అంది. మా వైపు పసుపు దంచేటప్పుడు ఒక్క రోట్లో నలుగురు వంతులవారీగా రోకళ్లు వేస్తారు. ఒకామె వంతు తప్పితే వీధిలో పోయేవాళ్లకు కూడా తెలిసిపోతుంది. అన్నకు ఆ మాట వినబడలేదు. ఆమె వెనక నుంచి పోయి అతని వీపు మీద అరచెయ్యి ఆనించింది. ఇంజన్ సాఫీగా ఆడినంతసేపు ఆ చెయ్యి పైనుంచి కిందికి మెల్లగా నిమిరేది. మిస్ కాగానే ఒక్క చరుపు. అన్న ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఆమె ఇంకోసారి చరిచింది. అన్న మెల్లగా ముందుకు తిరిగి ఇంజన్ మీదికి వంగాడు.

పెళ్లాం పట్టపగలు మొగుడి వీపు నిమరడం ఉప్పల్ చౌరస్తా అప్పటిదాకా చూసి ఉండదు. డ్రైవరు సిగ్గుపడి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వాళ్లిద్దరూ ముందుగా ఏమీ అనుకోలేదు. అనుకొని ఉంటే నాకు తెలిసేది, ఆ ఇంట్లో ఏ మాటా దాగేది కాదు.

అన్న చెక్కపిడి స్క్రూడ్రైవరు తీసుకొని ఒక్కొక్క ప్లగ్గుకు కరెంటు అందకుండా ఆపుతూ పోయాడు. బాగున్న సిలిండరును ఆపితే చప్పుడు కుంగాలి. మొదటిదాన్ని ఆపితే కుంగింది, వదిన చెయ్యి వీపును గట్టిగా నొక్కింది. రెండోదానికీ నొక్కింది. మూడోదానికి ఆ చెయ్యి కదిలీ కదలనట్టు ఊరుకుంది. నాలుగోదానికి మళ్లీ నొక్కింది. "మూడోది!" అని అన్న అరిచాడు. మూడోదాని ప్లగ్గు తీసి మొదటిదాంట్లో, మొదటిదాని ప్లగ్గు మూడోదాంట్లో పెట్టి చూశాడు. జబ్బు మూడోదాంట్లోనే ఉంది. అంటే తప్పు ప్లగ్గుది కాదు.

అన్న రేసు పెంచాడు. ఉన్నట్టుండి వదిన అతని మెడ మీద గిల్లింది. "ఏందే?" అన్నాడు. ఆమె ముక్కు పట్టుకొని తుమ్మినట్టు చేసి, ఆ చప్పుడు అక్కడిదేనన్నట్టు కార్బురేటరు వైపు వేలు చూపించింది. నాకు నవ్వొచ్చింది. అన్న మాత్రం నవ్వలేదు. ఇంజన్ ఆపించి, కార్బురేటరు మీది గాలి డబ్బా తీసి, మూడోదొక్కటే గాలిని నొక్కేలా మిగతా ప్లగ్గులన్నీ విప్పాడు. డ్రైవరును ముందు నుంచి ఇంజన్ తిప్పే హ్యాండిలు పెట్టి మెల్లగా తిప్పమని, కార్బురేటరు నోటికి చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. అక్కడ గాలి లోపలికి పోవాలే గానీ బయటికి రాకూడదు. ఒకసారి తిప్పితే ఏమీ లేదు. ఇంకోసారి తిప్పినా లేదు. డ్రైవరు చెమటలు కక్కుతూ నా వైపు చూశాడు. "జర ఆగు" అంది వదిన. ఆ తర్వాతి తిప్పుకు అన్న ఒక్కసారి తల ఎత్తాడు.

"వస్తున్నదే! ఊపిరి బయటికొస్తున్నది! ఇన్లెట్ వాల్వు మూసుకుంటలేదు!"

ఆ అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. అప్పుడు విప్పాడు హెడ్డు.

ఆ వాల్వును, అంటే సిలిండర్లోకి గాలిని పోనిచ్చే మూతను, నేను చేతిలో పట్టుకొని చూశాను. కాడ చుట్టూ, గొంతు కింద, కార్బన్ నల్లగా గట్టిగా పేరుకుపోయి ఉంది. పైనుంచి కొద్దికొద్దిగా ఆయిలు దిగి, వేడికి మాడి, అడుగంటిన పాలగిన్నెలా తయారైంది. ఆ మసికి కాడ ఒకసారి జారుతుంది, ఒకసారి పట్టేస్తుంది. పట్టేసినప్పుడు వాల్వు వెంట్రుకవాసి తెరుచుకొని ఉండిపోతుంది, గాలి వెనక్కి తంతుంది. వదిన ఆ మసిని గోటితో గీరి చూసి, "గింతేనా?" అంది. గింతేనా అట! గోడ అవతల పెనం ముందు కూర్చొని వెంట్రుకవాసి సందును విన్న మనిషి అడగాల్సిన మాటేనా అది? ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆమె ముందు ఇంకెప్పుడూ ఈ సంగతి ఎత్తలేదు. ఎత్తితే నన్ను ఏదో ఒకటి అని నవ్వులపాలు చేసేది.

మసి అంతా గీకి, కిరసనాయిలుతో కడిగి, వాల్వును దాని గద్దె మీద పేస్టుతో రుద్దే పని అన్న ఆమెకే ఇచ్చాడు. వాల్వుకు పట్టించిన కర్రను అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ రుద్దాలి. "మజ్జిగ చేసిన చెయ్యి, మంచిగ తిరుగుతది" అన్నాడు. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

పొద్దు గూకే ముందు వ్యాను స్టార్టయింది. వదిన అన్న వెనక నిలబడి చెయ్యి వేసింది. ఈసారి చరుపు లేదు. పైనుంచి కిందికి నిమరడమే. డ్రైవరు బండిని రోడ్డెక్కించి మేడిపల్లి వైపు తిప్పాడు. అన్న షెడ్డు ముందు కళ్లు మూసుకొని నిలబడ్డాడు. అతని ముఖం చూడగానే, రేపు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఖాళీగానే ఉంటుందని నాకు తెలిసిపోయింది. వ్యాను చిన్నదై మలుపు తిరిగింది. చప్పుడు సన్నబడి, నాకు వినబడటం ఆగిపోయింది. చెవులు రిక్కించాను. గాలి తప్ప ఏమీ లేదు. వదిన చెయ్యి మాత్రం అన్న వీపు మీద ఇంకా మెల్లగా కదులుతూనే ఉంది.