తొమ్మిదో కేసు, కుడి కన్ను

2011 జూన్ 6, సోమవారం. అప్పటికి నేను శంషాబాద్‌లోని ఒక ధర్మ కంటి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేరి రెండేళ్ల నాలుగు నెలలైంది. శుక్లం ఆపరేషన్‌కు మనిషిని నిద్రపుచ్చనక్కరలేదు. కనుగుడ్డు పక్కనుంచి సూది వేసి ఆ ఒక్క కంటినే మొద్దుబారుస్తాం. రెప్ప వాలిపోతుంది, కన్ను కదలదు, కొన్ని గంటలు చూపు కూడా మసకబారుతుంది. సూది గుడ్డుకు గుచ్చుకున్నా, వెనక రక్తస్రావమైనా చూపు పోవచ్చు. అందుకే కన్ను తారుమారు కాకుండా, ఆపరేషన్ చేయాల్సిన కంటికి పైన నుదుటి మీద తెల్లపట్టీ అతికించాలనే నియమం నేనే పెట్టాను. బల్ల ఎక్కిన రోగి నోరు విప్పకూడదన్న నియమమూ నాదే. రెండూ బాగా అమలయ్యేవి.

ఆ రోజు పద్నాలుగు కేసులు. తొమ్మిదోది శంషాబాద్ దర్జీ ఖాజామియాది. అరవై రెండేళ్లు, ఎడమ కంట్లో శుక్లం. కుట్టుపనంతా కుడి కంటితోనే నడుస్తోంది. ఒంటిగంటా నలభైకి పేరు, వయసు, వేసుకునే మాత్రలు అడిగి, పట్టీ చూసి ఆరు మిల్లీలీటర్ల మందు ఎక్కించాను. ఆయన కిక్కురుమనలేదు. మంచి రోగి అనుకున్నాను.

పావుగంట తర్వాత సర్జన్ మైక్రోస్కోప్‌లో చూసి, కంటిపాప విప్పారలేదేమని అడిగాడు. పొద్దున సిస్టర్ ఫైలు చూసి పాప విప్పారే చుక్కలు వేసింది ఎడమ కంటికి. నేను పట్టీ చూసి సూది వేసింది కుడి కంటికి. కత్తి ఇంకా తగల్లేదు. ఆపరేషన్ ఆపేశాం.

పట్టీ ఎలా మారిందని అడిగితే ఖాజామియా ఏమీ దాచలేదు. "పట్టీ కింద నీళ్లు తగలకుంటే వజూ గాదు మేడం. నమాజుకు ముందు తీసిన. మళ్ల యాదయ్యన్న అతికిచ్చిండు."

యాదయ్య పక్క మంచం రోగి, తొండుపల్లి రైతు. ఎడమ అని చెబితే, ఎదురుగా నిలబడి తన ఎడమచేతి వైపు శ్రద్ధగా అతికించాడు.

సూది వేస్తున్నప్పుడైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మాట్లాడొద్దని మీరే అంటిరి గద. గింత పెద్ద డాక్టరమ్మకు ఏ కన్నో తెల్వదా అనుకున్న. ఇగ నా కుట్టుపని ఉన్నట్టా, పోయినట్టా?"

సాయంత్రానికి చూపు రావాలని, లోపల రక్తస్రావమైతే రాకపోవచ్చని, తప్పు నాదని చెప్పాను. అదే ఫైలులో రాసి సంతకం చేశాను. అరగంటకొకసారి కన్ను పరీక్షించాను. యాదయ్య మాత్రం, "ఎవని ఎడమనో జెప్పినవా ఏంది మియా?" అని ఆయన మీదకే తగాదాకు దిగాడు.

ఆరుంపావుకు రెప్ప పూర్తిగా లేచింది. ఎడమ కన్ను మూసి చూడమన్నాను. ఖాజామియా నన్ను కాసేపు పరకాయించి, "మేడం, మీ కోటు ఎడమ భుజం కాడ కుట్టు ఊడింది" అన్నాడు. చూసుకున్నాను. ఎడమదే.

"మేం తొడుక్కునేటోళ్ల దిక్కుకెంచే లెక్క జూస్తం. యాదయ్యన్నకు గది ఎరుక లేదు."

జూన్ 21న ఆయన ఎడమ కంటికి ఆపరేషన్ సవ్యంగా జరిగింది. నెలవారీ నివేదికలో ఆపరేషన్ అయిన కళ్ల ఇబ్బందులు రాయడానికే గడి ఉండేది. కుడి కంటికి ఆపరేషన్ కాలేదు గనుక ఆ నెల లెక్కలో ఇబ్బందులు సున్నా. నేను విడిగా జతచేసిన కాగితాన్ని, దానికి గడి లేదంటూ ఆఫీసు తిప్పి పంపింది.

ఆ తర్వాత 2014లో ఉద్యోగం విరమించేవరకు, సూది చేతికి తీసుకునే ముందు ఏ కన్నో రోగినే అడిగి, జవాబు విని, ఫైలుతో సరిచూశాను. పట్టీ నియమం కొనసాగించాను. నోరు విప్పకూడదన్న నియమాన్ని రద్దు చేశాను.